స్పీకర్ టెర్మినల్ మీద డీసీ: రెసిస్టర్ మార్చాలా, ప్రీసెట్ పెట్టాలా, సర్వో కట్టాలా?

సొంతంగా యాంప్లిఫయర్ కట్టేవాళ్లకు హమ్ ఒక తలనొప్పి, డీసీ ఆఫ్‌సెట్, అంటే పాట లేకున్నా అవుట్‌పుట్ మీద నిలిచి ఉండే డీసీ వోల్టేజీ, రెండోది. హమ్ చెవికి దొరికిపోతుంది. ఇది దొరకదు. పాట శుభ్రంగానే వస్తుంటుంది. స్విచ్ వేయగానే వూఫర్ కోన్ మాత్రం కాస్త ముందుకో వెనక్కో జరిగి అక్కడే నిలబడిపోతుంది. మీటర్ పెడితే, పాటేమీ నడవకుండానే, స్పీకర్ టెర్మినళ్ల మీద ఓ 80, ఓ 150 మిల్లీవోల్టులు కనిపిస్తాయి.

దీన్ని తగ్గించే దారులు చాలానే ఉన్నాయి. ఎవర్నడిగినా ముందు సర్వో పేరే చెబుతారు, అంటే అవుట్‌పుట్‌ని గమనిస్తూ డీసీని దానంతటదే సరిచేసే అదనపు సర్క్యూట్. నా ఓటు దానికి కాదు. ఎక్కువ బోర్డుల్లో రెండు మూడు రెసిస్టర్ల విలువలు, ఒక కెపాసిటర్ సరిచూసుకుంటే పని అయిపోతుంది. సర్వో నిజంగా కావాల్సిన బోర్డులు ఉన్నాయి కానీ తక్కువ. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దండగో లెక్క వేసి చూద్దాం. లెక్కలకు ఒకే సర్క్యూట్ పట్టుకుంటాను: ప్లస్, మైనస్ 35 వోల్టుల సప్లై, ముందు వరసలో బీసీ 556 ట్రాన్సిస్టర్ల జత, చివర 5200, 1943 పవర్ ట్రాన్సిస్టర్లు. మన దగ్గర చేత్తో కట్టే సెట్లలో తరచూ కనిపించే తరహా ఇదే.

ఎంతుంటే పట్టించుకోవాలి

8 ఓమ్‌ల స్పీకర్ అంటాం గానీ దాని కాయిల్‌ని మీటర్‌తో కొలిస్తే 6 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. 50 మిల్లీవోల్టులుంటే అందులో పారేది 8 మిల్లీయాంపులు, వేడి అర మిల్లీవాట్ కూడా కాదు. స్పీకర్‌కి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే 1 వోల్టయితే ఆరో వంతు వాట్. కాయిల్ కాలదు గానీ కోన్ మధ్యలోంచి జరిగి కూర్చుంటుంది, బాస్ మోత గట్టిగా పెట్టినప్పుడు ఒక పక్కకే ముందుగా కొట్టుకుంటుంది. పూర్తి 35 వోల్టులు పడితే 200 వాట్లు, అదీ ఆగకుండా. కొన్ని సెకన్లలో కాలిన వాసన వస్తుంది.

నేను పెట్టుకున్న హద్దు ఇది. 30 మిల్లీవోల్టుల లోపైతే వదిలేసి పాటలు వినండి. 30 నుంచి 100 మధ్య అయితే తీరిక చూసుకుని సరిచేయండి. 100 దాటితే ఎక్కడో కారణం ఉంది, వెతకాలి. 1 వోల్టు దాటితే కారణం తెలిసేదాకా స్పీకర్ కలపొద్దు. దాదాపు సప్లై వోల్టేజీ అంతా అవుట్‌పుట్ మీద కనిపిస్తే అది ఆఫ్‌సెట్ కాదు, లోపం. ఒక పక్క ఫ్యూజు పోయి ఉండొచ్చు, పవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండొచ్చు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ని వెనక్కి ముందు దశకి కలిపేది) సాల్డరింగ్ ఊడి ఉండొచ్చు. కింద చెప్పే మందులేవీ దానికి పనిచేయవు.

ఈ హద్దు అందరికీ ఒకటే కాదు. యాక్టివ్ క్రాస్ఓవర్ (పాటని యాంప్లిఫయర్‌కి ముందే ఒక్కో స్పీకర్‌కి తగ్గట్టు విడదీసేది) పెట్టి, మధ్యలో కెపాసిటర్ లేకుండా హార్న్ డ్రైవర్‌నో ట్వీటర్‌నో నేరుగా యాంప్లిఫయర్‌కి తగిలించేవాళ్లు 20 లోపు చూసుకోవాలి. హెడ్‌ఫోన్ అయితే ఇంకా తక్కువ. మైక్ సెట్లలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే మరీ జాగ్రత్త. దాని వైండింగ్ డీసీ రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి, స్పీకర్‌కి ఏమీ కాని 50 మిల్లీవోల్టులే అక్కడ గట్టి కరెంటు పారిస్తాయి.

కొలతలోనే సగం జవాబు

ఎంపికకి ముందు సరిగ్గా కొలవాలి. స్పీకర్ తీసేసి, దాని చోట 8 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెట్టండి. ఇన్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్ చేయండి. కొత్త బోర్డయితే మెయిన్స్‌కి వరసలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు తప్పనిసరి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఆన్ చేసిన వెంటనే ఒక రీడింగ్, హీట్‌సింక్ వేడెక్కాక, అంటే పదిహేను ఇరవై నిమిషాలకి, ఇంకో రీడింగ్ రాసుకోండి. తర్వాత ఇన్‌పుట్ షార్ట్ తీసి, వాల్యూమ్ కంట్రోల్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పుతూ మూడో రీడింగ్.

మొదటి రెండూ దాదాపు ఒకటే అయితే రెసిస్టర్ల దగ్గరో, జత బ్యాలెన్స్ దగ్గరో లెక్క తప్పింది. వేడెక్కేకొద్దీ పాకుతుంటే ఉష్ణోగ్రత సమస్య. వాల్యూమ్‌తో మారుతుంటే ఇన్‌పుట్ కెపాసిటర్ లేదన్నా అనుకోవాలి, లీకవుతోందన్నా అనుకోవాలి. తిప్పుతుంటే గరగరమనే కంట్రోల్స్ చాలావాటిలో దుమ్ము కాదు దోషి, దాని మీదున్న డీసీ. అంకెలు నిలకడ లేకుండా, చెయ్యి దగ్గరికి తెస్తేనే ఎగురుతుంటే బోర్డు చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతోందేమో, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోందేమో చూడాలి. అలాంటప్పుడు మీటర్ చూపే డీసీని నమ్మలేం. ముందు ఆసిలేషన్ ఆపాలి, ఆ తర్వాతే ఆఫ్‌సెట్ సంగతి.

ఇక్కడే ఒక మాట. బోర్డు మీద ఒకే ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) ఉంటే అది దాదాపు ఎప్పుడూ బయాస్‌ది, అంటే పాట లేనప్పుడు పవర్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటుది, ఆఫ్‌సెట్‌ది కాదు. బయాస్ చూడాల్సింది పవర్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టర్ మీద: 0.22 ఓమ్ మీద 22 మిల్లీవోల్టులుంటే 100 మిల్లీయాంపులన్నమాట. స్పీకర్ టెర్మినళ్ల మీద మీటర్ పెట్టి ఆ ప్రీసెట్ తిప్పుకుంటూ పోతే ఆఫ్‌సెట్ కదలదు, 5200 జత మాత్రం కాలిపోతుంది.

మొదటి దారి: రెసిస్టర్లు సరిచేయడం

చవకైనదీ, చాలామంది వదిలేసేదీ ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ముందు జతకి మొత్తం 2 మిల్లీయాంపులు ఇస్తున్నాం అనుకోండి. తలా 1 మిల్లీయాంపు. గెయిన్ (బేస్ కరెంటుని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె) 250 ఉన్న బీసీ 556 బేస్ నుంచి 4 మైక్రోయాంపులు బయటికొస్తాయి. ఇన్‌పుట్ దగ్గర బేస్‌ని గ్రౌండ్‌కి కలిపే రెసిస్టర్ 22 కె (22 వేల ఓమ్‌లు) అయితే దాని మీద 88 మిల్లీవోల్టులు నిలబడతాయి. కొత్తవాళ్లు మీటర్ అక్కడ పెట్టి చూసి కంగారు పడతారు. పడక్కర్లేదు, అది అలాగే ఉండాలి. అవతలి బేస్ కరెంటు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గుండా అవుట్‌పుట్ వైపు పోతుంది. అది కూడా 22 కె అయితే అక్కడా 88 పడతాయి, రెండూ చెల్లు, అవుట్‌పుట్ సున్నా దగ్గర ఉంటుంది.

ఇప్పుడు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువుంటే మంచిదని ఎవరో చెప్పారని ఆ 22 కె తీసి 47 కె పెట్టారనుకోండి. ఇటు 188, అటు 88. అవుట్‌పుట్ మీద ప్లస్ 100 మిల్లీవోల్టులు. 10 కె పెడితే ఇటు 40, అటు 88, అవుట్‌పుట్ మీద మైనస్ 48. బీసీ 556 లాంటి పీఎన్‌పీ జతలో ప్లస్ వైపు పోతే ఇన్‌పుట్ రెసిస్టర్ పెద్దదైందని, మైనస్ వైపు పోతే చిన్నదైందని గుర్తే చెప్పేస్తుంది. ఎన్‌పీఎన్ జతలో ఇది తిరగబడుతుంది. మందు రూపాయి రెసిస్టర్: రెండు చోట్లా ఒకే విలువ, వీలైతే 1 శాతం మెటల్ ఫిల్మ్. వాల్యూమ్ కంట్రోల్ నేరుగా బేస్‌కి తగిలించిన బోర్డుల్లో ఈ సమానత్వం కుదరదు, ఎందుకంటే కంట్రోల్ తిప్పేకొద్దీ విలువ మారిపోతుంది. మధ్యలో 1 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) నుంచి 2.2 ఎంఎఫ్‌డీ దాకా ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. మొబైల్ నుంచో డ్యాక్ (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చేది) నుంచో డీసీ వచ్చినా అక్కడే ఆగిపోతుంది.

రెండో రెసిస్టర్ ఇంకా దొంగది. జతలో ఇన్‌పుట్ వైపు ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి మైనస్ సప్లైకి ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాని మీద ఎప్పుడూ సుమారు 0.65 వోల్టే ఉంటుంది, ఎందుకంటే తర్వాతి దశ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ దాని మీదే ఉన్నాయి. అంటే ఆ రెసిస్టర్ విలువే జతలో ఒక పక్క కరెంటుని నిర్ణయిస్తుంది. 1 కె పెడితే ఆ పక్కకి 0.65 మిల్లీయాంపులే వెళ్తాయి, మిగతా 1.35 అవతలి పక్క మోయాలి. ఈ తేడాతో బేస్, ఎమిటర్ వోల్టేజీల మధ్య 19 మిల్లీవోల్టులు, బేస్ కరెంట్ల తేడా 22 కె గుండా పోయి ఇంకో 62, మొత్తం మైనస్ 81. ఎమిటర్లలో 100 ఓమ్‌ల రెసిస్టర్లు కూడా ఉంటే ఇంకో 70 తోడవుతాయి. ఆ 1 కె తీసి 680 ఓమ్‌లు పెట్టి చూడండి. కరెంటు 0.96 అవుతుంది, జత సమానంగా కూర్చుంటుంది, ఆఫ్‌సెట్ ఒక్కసారిగా పడిపోతుంది. మీటర్‌తో ఈ రెసిస్టర్ మీద వోల్టేజీ కొలిచి ఓమ్‌లతో భాగించండి, జత మొత్తం కరెంటులో సగం రాకపోతే దొంగ దొరికినట్టే. కలెక్టర్లలో కరెంట్ మిర్రర్ ఉన్న బోర్డుల్లో ఈ బాధ లేదు, మిర్రరే రెండు పక్కల్నీ సమానం చేస్తుంది. కొత్తగా బోర్డు ఎంచుకుంటున్నవాళ్లకు నా మొదటి సలహా అదే, మిర్రర్ ఉన్నది తీసుకోండి.

ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్: ఉంచాలా, తీయాలా

ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 22 కె, అదే బేస్ నుంచి గ్రౌండ్ వైపు 1 కె, దానికి వరసలో ఒక ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఈ కెపాసిటర్ ఉంటే పాటకి యాంప్లిఫయర్ గెయిన్ (వోల్టేజీ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ అంకె) 23, డీసీకి మాత్రం 1. తీసేస్తే డీసీకి కూడా 23. పైన చూసిన ఆ 88 మిల్లీవోల్టులకి ఇప్పుడు చెల్లు లేదు, ఎందుకంటే అవతలి బేస్‌కి కనిపించే రెసిస్టెన్స్ 22 కె కాదు, 1 కె లోపు. లెక్క వేస్తే అవుట్‌పుట్ మీద 1.9 వోల్టుల డీసీ. అందుకే పాత సెట్‌లో ఉన్నట్టుండి 1.5 నుంచి 2 వోల్టుల డీసీ వస్తే నేను ముందు అనుమానించేది ఈ కెపాసిటర్‌నే. షార్ట్ అయి ఉండాలి, లేకపోతే బాగా లీకవుతూ ఉండాలి. పక్కన ఇంకోటి పెట్టి చూడ్డం కాదు, తీసేసి కొత్తది వేయాలి.

ఎలెక్ట్రోలిటిక్ శబ్దాన్ని పాడుచేస్తుందని దాన్ని తీసేయమనే ఆడియో ప్రియులు ఉన్నారు. దీని మీద నాకు పెద్ద భక్తి లేదు. విలువ పెద్దదిగా ఉంటే పాట ఫ్రీక్వెన్సీల్లో దాని మీద పడే వోల్టేజీ చాలా తక్కువ, కాబట్టి అది చేసే వక్రీకరణ కూడా తక్కువ. 1 కె కి 47 ఎంఎఫ్‌డీ పెడితే కటాఫ్ (దానికన్నా కింద శబ్దం తగ్గిపోయే ఫ్రీక్వెన్సీ) 3.4 హెర్ట్జ్, 100 కి 1.6, 220 కి 0.7. నేనైతే 220 పెడతాను, 25 వోల్టులది. దానికి అడ్డంగా రెండు 1ఎన్ 4148 డయోడ్లు ఎదురెదురుగా వేస్తే, లోపం వచ్చి అవుట్‌పుట్ సప్లైకి అంటుకున్నప్పుడు కెపాసిటర్ ఉబ్బిపోకుండా ఉంటుంది.

ఐసీ యాంప్లిఫయర్లు కట్టేవాళ్లకు ఎంపిక ఇంకా తేలిక. టీడీఏ 7294 తయారీదారు ఇచ్చిన సర్క్యూట్‌లోనే ఇన్‌పుట్ 22 కె, ఫీడ్‌బ్యాక్ 22 కె, 680 ఓమ్‌లు, 22 ఎంఎఫ్‌డీ ఉంటాయి. సమానత్వం అక్కడ ముందే ఉంది, దాన్ని చెడగొట్టకపోతే చాలు. ఆ 22 ఎంఎఫ్‌డీతో కటాఫ్ 10 హెర్ట్జ్ దాటుతుంది కాబట్టి సబ్‌వూఫర్‌కి వాడేవాళ్లు 100 కి పెంచుకోవచ్చు. ఎల్ఎం 3886 ఐసీకి ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ మామూలుగా 1 మిల్లీవోల్టు, గరిష్ఠంగా 10. కెపాసిటర్ ఉంటే ఆ పదే అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. తీసేసి గెయిన్ 20 పెడితే 200 దాకా పోవచ్చు. కెపాసిటర్ లేని చవక బోర్డు కొన్నవాళ్లు ముందు దాన్ని వేయండి. ఐసీకి సర్వో కట్టడం నాకు దండగ ఖర్చులా కనిపిస్తుంది.

జత కలపడం, ప్రీసెట్ పెట్టడం

రెసిస్టర్లు, కెపాసిటర్ అన్నీ సరిగా ఉండి ఇంకా 20, 30 మిల్లీవోల్టులు మిగిలితే అది ట్రాన్సిస్టర్ల తేడా. ఒకదాని గెయిన్ 200, ఇంకోదాని గెయిన్ 250 అయితే 22 కె మీద 22 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. బీ గ్రూపు బీసీ 556 ల గెయిన్ సుమారు 200 నుంచి 450 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి డబ్బాలోంచి చేతికొచ్చిన రెండు తీసి వేస్తే జాతకం ఎలా ఉంటే అలా. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట విడిగా గుప్పెడు కొనే బదులు కాగితం టేపు మీదున్నవి ఒక వరస కొనండి. పక్కపక్కనున్నవి ఒకే బ్యాచ్‌వి కావడంతో తరచూ దగ్గర దగ్గరగా వస్తాయి. మీటర్‌లోని గెయిన్ సాకెట్ చాలు. వేలితో పట్టుకుని గుచ్చితే ఆ వేడికే అంకె పెరుగుతుంది, ఒక నిమిషం ఆగి అంకె నిలిచాక రాసుకోవాలి. జత దొరికాక రెండిటి చదును ముఖాలూ ఎదురెదురుగా ఆనించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. బేస్, ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఒకటి హీట్‌సింక్ పక్కన, రెండోది గాలి తగిలే చోట ఉంటే పది డిగ్రీల తేడాకి 20 మిల్లీవోల్టులు పాకుతాయి. వేడెక్కాక పెరిగే ఆఫ్‌సెట్‌కి ఈ స్లీవ్ కన్నా చవకైన మందు లేదు.

ప్రీసెట్ దీనికి ప్రత్యామ్నాయమే గానీ మెరుగైనది కాదు. జతలో మిగిలిన తేడాని చేత్తో సున్నా చేస్తుంది, వేడికి పాకేదాన్ని మాత్రం ఆపలేదు. చల్లగా ఉన్నప్పుడు సున్నాకి తెచ్చి మూత బిగించేవాళ్లు వేడెక్కాక మళ్లీ చూస్తే సున్నా అక్కడ ఉండదు. ఇరవై నిమిషాలు నడిచాకే తిప్పాలి.

ఇంకో భయం ఉంది. రెండు ఎమిటర్ల మధ్య 100 ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి దాని మధ్య కాలికి కరెంటు ఇచ్చే పద్ధతి చాలా సర్క్యూట్లలో కనిపిస్తుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఆ మధ్య కాలు లోపల పట్టు వదిలేస్తే జతకి కరెంటే ఉండదు, అవుట్‌పుట్ వెళ్లి ప్లస్ సప్లైకి అంటుకుంటుంది. పది రూపాయల ప్రీసెట్ వూఫర్‌ని తినేస్తుంది. ఆ పద్ధతే కావాలంటే కరెంటు సోర్స్ నుంచి ప్రతి ఎమిటర్‌కీ ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్ శాశ్వతంగా వేసి, ప్రీసెట్‌ని వాటికి తోడుగా పెట్టండి. అంతకన్నా నాకు నచ్చేది ఇంకోటి: ప్లస్, మైనస్ 15 వోల్టుల మధ్య 10 కె ప్రీసెట్, దాని మధ్య కాలు నుంచి 2.2 మెగ్ (22 లక్షల ఓమ్‌లు) రెసిస్టర్ గుండా ఇన్‌పుట్ బేస్‌కి. అటూ ఇటూ 150 మిల్లీవోల్టుల దాకా జరపొచ్చు. ప్రీసెట్ చెడితే మామూలు ఆఫ్‌సెట్ తిరిగొస్తుంది, అంతే. ఆ 15 వోల్టులు శుభ్రంగా ఉండాలి, లేకపోతే దాంట్లోని హమ్ ఇక్కడ దూరుతుంది. రెండు పద్ధతుల్లోనూ మూత లేని కార్బన్ ప్రీసెట్ వద్దు, నీలం రంగు మల్టీటర్న్ రకం వాడండి.

సర్వో: ఎవరికి తప్పదు

సర్వో అంటే అవుట్‌పుట్‌ని నిదానంగా గమనిస్తూ, సగటు సున్నా నుంచి ఎటు జరిగినా ఎదురు తోసే ఆప్‌యాంప్ (చిన్న తేడాని చాలా పెద్దది చేసే ఐసీ). 1 మెగ్, 1 ఎంఎఫ్‌డీ ఫిల్మ్ కెపాసిటర్, టీఎల్ 072 లాంటి ఫెట్ (ఇన్‌పుట్ కరెంటు దాదాపు తీసుకోని ట్రాన్సిస్టర్ రకం) ఇన్‌పుట్ ఐసీ, దానికి 15 వోల్టుల జంట సప్లై. విడిభాగాల ఖర్చు తక్కువే. బోర్డు మీద చోటు, అదనపు సప్లై, తప్పు జరగడానికి ఇంకో పది సాల్డర్లు, ఇవి అసలు ఖర్చు.

దాని గొప్ప ఏమిటంటే వేడికి పాకేదాన్ని కూడా పట్టుకుంటుంది, ఫీడ్‌బ్యాక్‌లో ఎలెక్ట్రోలిటిక్ అవసరం లేకుండా చేస్తుంది. ఫెట్ జత ముందున్న సర్క్యూట్లలో బేస్ కరెంటు ఊసే లేదు గానీ రెండు ఫెట్‌ల మధ్య వోల్టేజీ తేడా పెద్దదిగా ఉంటుంది, వేడితో మారుతుంది కూడా. అక్కడ సర్వో న్యాయమైన ఎంపిక. 

మన బీసీ 556 సర్క్యూట్‌కి వస్తే కథ మారుతుంది. సర్వో 220 కె గుండా ఫీడ్‌బ్యాక్ వైపు బేస్‌కి తోస్తోందనుకోండి. ఆప్‌యాంప్ 13 వోల్టులు దాటి పోలేదు. 13 లో పదో వంతు, అంటే అవుట్‌పుట్‌ని 1.3 వోల్టుల దాకా మాత్రమే జరపగలదు. ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ తీసేస్తే ఈ సర్క్యూట్ సహజంగా 1.9 వోల్టులు ఇస్తుందని పైన చూశాం. అంటే సర్వో పూర్తి బలంతో తోసినా ఇంకా 600 మిల్లీవోల్టులు మిగులుతాయి. సర్వో పెట్టినా తగ్గడం లేదని తలపట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. 220 కె తగ్గించి బలం పెంచొచ్చు. అప్పుడు ఆప్‌యాంప్ శబ్దం ఎక్కువగా దూరుతుంది, దాని సప్లై పోయిన రోజున అది తోసే తప్పు కూడా పెద్దదవుతుంది. ఇన్‌పుట్ రెసిస్టర్ తగ్గించి బేస్ దగ్గర వోల్టేజీనే చిన్నది చేయడం మంచి దారి. అంటే సర్వో పెట్టినా మళ్లీ మొదటి దారికే రావాలి.

ఇంకోటి, సర్వో లోపాన్ని కప్పేస్తుంది. లోపల కెపాసిటర్ లీకవుతున్నా, జతలో ఒకటి చావుకి దగ్గరపడినా అవుట్‌పుట్ మీద 3 మిల్లీవోల్టులే కనిపిస్తాయి. కాబట్టి సర్వో ఉన్న సెట్‌లో చూడాల్సింది అవుట్‌పుట్ కాదు, ఆప్‌యాంప్ అవుట్‌పుట్ కాలు. అక్కడ ఒకటి రెండు వోల్టులుంటే హాయిగా ఉంది, 10 దాటితే ఊపిరి బిగబట్టి పనిచేస్తోంది. ఐసీ ఎంపికలో కూడా అంత తర్జనభర్జన అక్కర్లేదు. ఆప్‌యాంప్ సొంత ఆఫ్‌సెటే చివరికి స్పీకర్ మీద మిగిలేది. టీఎల్ 072 కి మామూలుగా 3, గరిష్ఠంగా 10 మిల్లీవోల్టులు. ఓపీఏ 2134 కి గరిష్ఠం 2. స్పీకర్‌కి మొదటిదే చాలు. దిశ మాత్రం తప్పొద్దు: సర్వోలోని ఆప్‌యాంప్ దశ (ఇంటిగ్రేటర్) సిగ్నల్‌ని తిరగేసేది అయితే ఇన్‌పుట్ వైపు బేస్‌కి, తిరగేయనిది అయితే ఫీడ్‌బ్యాక్ వైపు బేస్‌కి. తారుమారైతే సర్వోనే అవుట్‌పుట్‌ని గోడకి తోస్తుంది.

అవుట్‌పుట్ కెపాసిటర్‌ని తక్కువ చేయొద్దు

ఒకే సప్లైతో నడిచే పాత తరహా సెట్లలో స్పీకర్‌కి వరసలో పెద్ద కెపాసిటర్ ఉంటుంది. దాన్ని చూసి మూతి విరిచేవాళ్లు ఎక్కువ. డీసీ విషయంలో మాత్రం దానికి సాటి లేదు, లోపల ఏది చచ్చినా స్పీకర్ బతుకుతుంది. 8 ఓమ్‌లకి 2200 ఎంఎఫ్‌డీ పెడితే కటాఫ్ 9 హెర్ట్జ్, 4 ఓమ్‌లకి 18. జాన్ లిన్స్‌లీ హుడ్ 1969 ఏప్రిల్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన 10 వాట్ల క్లాస్ ఏ సర్క్యూట్ ఇప్పటికీ కిట్లుగా అమ్ముడవుతోంది. అసలు డిజైన్‌లో అవుట్‌పుట్ కెపాసిటర్ ఉంది. దాన్ని తీసేసి జంట సప్లైతో నడిపే మార్పుల్లో ముందున్నది జత కాదు, ఒంటరి ట్రాన్సిస్టర్. దాని తేడాని చెల్లు చేయడానికి రెండోది లేదు, వేడెక్కేకొద్దీ అవుట్‌పుట్ పాకుతూనే ఉంటుంది. ఆ కిట్ కొనేవాళ్లు కెపాసిటర్ ఉన్న రూపమే తీసుకోండి.

ఇంతకీ ఎవరికి ఏది

ఐసీ బోర్డు అయితే ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్, సమాన రెసిస్టర్లు, అక్కడితో ఆపండి. బీసీ 556 లాంటి జతతో విడిభాగాల బోర్డు అయితే రెసిస్టర్ల లెక్క, కొత్త కెపాసిటర్, స్లీవ్ తొడిగిన జత. 15 మిల్లీవోల్టుల లోపు రాకపోతే నాకు ఆశ్చర్యమే. ప్రీసెట్ కావాలంటే ఆ తర్వాతే, అదీ చెడినా ప్రమాదం లేని పద్ధతిలో. ఫెట్ ఇన్‌పుట్, లేదా కెపాసిటర్ అసలే వద్దనే పట్టుదల ఉంటే సర్వో. పెళ్లిళ్లకీ జాతరలకీ అద్దెకి తిప్పే సెట్లయితే సర్వో, ప్రీసెట్ రెండూ వద్దు. కుదుపులకి, దుమ్ముకి, జనరేటర్ కరెంటుకి తట్టుకునేది తక్కువ భాగాలున్న బోర్డే.

రిలే ప్రొటెక్షన్‌ని, అంటే డీసీ వస్తే స్పీకర్‌ని విడదీసే బోర్డుని, ఈ పోటీలో కలపలేదు, ఎందుకంటే అది వీటిలో దేనికీ బదులు కాదు. యూపీసీ 1237 ఐసీతో వచ్చే ఇలాంటి బోర్డులు వోల్టు స్థాయి డీసీకి గానీ కదలవు, 100 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ వాటి కంటికి ఆనదు. పవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిన రోజున మాత్రం వూఫర్‌ని కాపాడేది అదే, కాబట్టి పై వాటిలో ఏది ఎంచుకున్నా ఇది అదనంగా ఉండాల్సిందే. కొనేటప్పుడు రిలే మీద అచ్చు చూడండి. చాలావాటి మీద 10 యాంపులు 250 వోల్టుల ఏసీ అని పెద్దగా, డీసీకి 30 వోల్టులని చిన్నగా ఉంటుంది. 50 వోల్టుల సప్లై ఉన్న సెట్‌లో ఆ కాంటాక్టులు విడిపోయేటప్పుడు మధ్యలో నిప్పు ఆరకుండా మండుతూ డీసీని పోనిస్తుంది. వైరింగ్ మార్చితే ఇది చాలావరకు తప్పుతుంది: కదిలే కాంటాక్టు స్పీకర్‌కి, మామూలుగా తెరుచుకుని ఉండేది యాంప్లిఫయర్‌కి, మామూలుగా మూసుకుని ఉండేది గ్రౌండ్‌కి. అప్పుడు రిలే పడిపోయాక స్పీకర్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది, నిప్పు ఆరకపోయినా ఆ కరెంటు స్పీకర్‌ని వదిలి గ్రౌండ్‌కే పోయి సప్లై ఫ్యూజుని కొట్టేస్తుంది.